చెప్పిన రోజు, వచ్చిన రోజు

మా లెక్కల మేస్టారు పోయారన్న కబురు నాకు చెప్పింది, బతికున్నన్నాళ్లూ ఆయనంటే గిట్టని మనిషి.

పొద్దున్న ప్రార్థన అయిపోయి పిల్లలు వరసల్లో తరగతులకి వెళ్తుంటే ఫోన్ మోగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు హెడ్మాస్టరుగా ఉన్నాయన. రిటైరై చాలా కాలమైంది. "మేడమ్, మీ గురువుగారు తెల్లవారుజామున పోయారట. బలిఘట్టంలో, ఇంట్లోనే. ఆదివారం సంతాపసభ పెడుతున్నాం. మీరు రెండు ముక్కలు మాట్లాడాలి. మా హయాంలో టెన్త్ లెక్కల్లో నూటికి నూరు శాతం తెచ్చిన మనిషి కదా, ఆ సంగతి మర్చిపోకుండా చెప్పండి" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాయాలని కూర్చున్నాను. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. మా మేస్టారు మెత్తటి మనిషి కాదు. ముప్పై ఏళ్లు కోపంతోనే పాఠం చెప్పారు. ఆయన గురించి మెత్తగా రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు.

నర్సీపట్నంలో మా బడి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఒక్క బడే అలా చేసిందనుకుని మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

తొంభైల మొదట్లో నేను పదో తరగతి. కృష్ణదేవిపేట రోడ్డులో నాలుగు మైళ్ల అవతల మా ఊరు. బస్సు వస్తే బస్సు, లేకపోతే నడక. జూన్లో మొదటి పీరియడ్‌కి మేస్టారు వచ్చారు. పొట్టి చేతుల చొక్కా, చెవి మీద పెన్సిలు, చంకలో చాపలాగా చుట్టిన పెద్ద కాగితం. నల్లబల్ల వైపు చూడకుండా ఒక్కొక్కరినీ లేపి ఒకే ప్రశ్న అడిగారు.

"ఈ ఏడు ఎప్పుడెప్పుడు బడికి రావు? అబద్దం సెప్పకు."

అంతవరకూ మమ్మల్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. రోజూ వస్తావా అని అడిగితే వస్తానండీ అని అబద్ధమాడటం మాకు అలవాటు. ఇదేం ప్రశ్నో అర్థంకాక బిక్కచచ్చిపోయాం. నా వంతు వచ్చింది. "ఆగస్టులో నాట్లకి ఎల్తానండీ, అమ్మతోటి. రెండు వారాలు" అన్నాను. ఎంత తిడతారో అని కళ్లు మూసుకున్నాను. ఆయన పెన్సిలు తీసి కాగితం మీద నా పేరు పక్కన రాసుకున్నారు. చెరుకు నరకడానికి వెళ్లేవాడు జనవరి అన్నాడు. పాయకరావుపేట అవతల సముద్రపొడ్డు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకబ్బాయి, "వేట బాగా పడితే అయ్య కబురెడతాడండీ. ఎప్పుడో తెల్దు" అన్నాడు. వాడి పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.

మూడో రోజుకి ఆ కాగితం గోడెక్కింది. ఎరువుల కొట్టువాళ్లు పంచే పాత క్యాలెండరు కాగితాలు నాలుగు, వెనక్కి తిప్పి మైదా జిగురుతో అతికించినది. పైన అడ్డంగా ఏడాది పాఠాలన్నీ, నెలలవారీగా: సమితుల నుంచి మాత్రికల దాకా. ఎడమ పక్కన నిలువుగా మా పేర్లు. పాఠం పేరు కింద చెప్పిన రోజు, సిరాతో. ఒక్కొక్క పేరుకెదురుగా ఒక్కొక్క పాఠానికి చిన్న గడి. అందులో వచ్చిన రోజు, పెన్సిలుతో. మేస్టారు పాఠం చెప్పిన రోజు అందరికీ ఒక్కటే. ఆ లెక్క మనకి వచ్చిన రోజు ఎవరిది వాళ్లదే.

ఆగస్టులో నేను మోకాళ్ల లోతు బురదలో వంగి నారు పెడుతున్న రెండు వారాలూ ఆయన కొత్త పాఠం ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు. బడికి వచ్చినవాళ్లచేత భిన్నాలూ, మైనస్ గుర్తులూ, కారణాంకాలూ చేయించారు. "ఎనిమిదిలో పారేసుకున్నవి ముందు ఏరుకోండి" అన్నారట. పాదాలు ఒరుసుకుపోయి నేను తిరిగొచ్చిన రోజు, నల్లబల్ల మీద "శ్రేఢులు" అని రాసి వెనక్కి తిరిగి, "ఏటే, నాట్లయిపోనాయా? కూకో. మొదలెడుతున్నాను" అన్నారు. మిగతా సబ్జెక్టుల్లో ఆ రెండు వారాల నోట్సు కోసం అందరినీ బతిమాలుకున్నాను. లెక్కల్లో నాకు ఒక్క పాఠం కూడా పోలేదు.

పరీక్షలు కూడా ఆయనవి వేరే తీరు. యూనిట్ టెస్టులూ, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ అందరికీ ఉన్నవే. కానీ మా చేతికొచ్చే పేపర్ల మీద మార్కులుండేవి కావు. లెక్క ఎక్కడ తప్పిందో ఆ లైను కింద ఎర్ర గీత, పక్కన "ఇక్కడిదాకా బాగుంది" అని ఉండేది. ఆ గీత దగ్గర్నుంచి మళ్లీ చేసి చూపించాలి. మార్కులు రిజిస్టర్లో ఉండేవి, డిపార్టుమెంటు కోసం. ఒకసారి ధైర్యం చేసి ఎన్ని మార్కులండీ అని అడిగాను. ముక్కుపుటాలు అదిరాయి. "మార్కు నాకోసం. లైను నీకోసం. ఆ లైను సూడటం మానేసి మార్కు అడుగుతావేటి?" అని అరిచారు. పక్క తరగతిలో పాఠం ఆగిపోయింది.

పెన్సిలుతో తేదీ వేయించుకోవడం అంత తేలిక కాదు. నల్లబల్ల దగ్గరికెళ్లి, పుస్తకం చూడకుండా లెక్క చేయాలి. చేశాక కూడా తేదీ వేసేవారు కాదు. "ఒక్కసారి సేస్తే వచ్చినట్టు కాదు. పది రోజులు పోనీ. నీకు తెలీకుండా మళ్లీ లేపుతాను. అప్పుడు సేస్తే వచ్చినట్టు" అనేవారు. ఆ పది రోజులూ భయంతో చచ్చేవాళ్లం. ఒకరోజు హఠాత్తుగా అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నప్పుడో, ఇంటికి సంచి సర్దుకుంటున్నప్పుడో పిలుపొచ్చేది. చేసి చూపిస్తే, చెవి మీది పెన్సిలు తీసి గడిలో తేదీ వేసేవారు. నా జీవితంలో ఆ తేదీలంత గర్వపడినవి వేరే లేవు.

ఆయన ఎవరిమీద పడితే వాళ్లమీద అరిచేవారు, నిజమే. ఒకరోజు మాలో ఒకమ్మాయి ఏడ్చేసి, "మామీదే ఎందుకండీ అంత కోపం?" అంది. ఆయన కాస్త తగ్గి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "రాదనుకున్నోళ్ల మీద కోపమెందుకొస్తాది? వస్తాదనుకున్నోళ్ల మీదే కోపం. నాను కోప్పడటం మానేసిన్నాడు ఏడు."

ఆ ఏడే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. గోడ మీది కాగితం చూసి నవ్వారు. ఇయర్ ప్లాన్‌కి ఫార్మాటు ఉంటుంది కదా, అదేదీ అన్నారు. "అది మీకోసం రాసేనండీ, బీరువాలో ఉంది. ఇది పిల్లల కోసం" అన్నారు మేస్టారు. అధికారి నవంబరు దగ్గర వేలు పెట్టి, "తుఫానుకి నాలుగు రోజులా? తుఫాను వస్తున్నట్టు మీకు జూన్లోనే చెప్పిందా?" అన్నారు. మేము కూడా నవ్వాం. మేస్టారు నవ్వలేదు. "రాకపోతే ఆ నాలుగు రోజులూ నాకు మిగుల్తాయండీ. వస్తే పిల్లలికి మిగుల్తాయి." ఆ నవంబరులో తుఫాను వచ్చింది. దాని వెనకే మెమో కూడా వచ్చింది, పదో తరగతిలో ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పి కాలం వృథా చేశారని. మేస్టారు ఆ మెమోని వెనక్కి తిప్పి త్రికోణమితి పట్టిక రాసి, కాగితం పక్కనే గోడకి అతికించారు. సైన్, కాస్ విలువలు నేను నేర్చుకున్నది ఆ మెమో వెనకాలే.

నేను పాసయ్యాను. ఎన్ని మార్కులో చెప్పను, ఆయనకి కోపం వస్తుంది.

తరవాత చదివాను, డీఎస్సీ రాశాను, లెక్కల టీచరునయ్యాను. రెండువేలు దాటిన కొత్తలో నాకు పోస్టింగు వచ్చింది అదే బడికి. మేస్టారు ఇంకా అక్కడే ఉన్నారు, జుట్టు నెరిసిపోయి, చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. స్టాఫ్ రూములో అందరిముందూ, "ఏటే, వచ్చీసేవా? ఇకనుంచి గోడకి జిగురు రాసే పని నీది" అన్నారు. మిగతావాళ్లు నన్ను మేడమ్ అంటుంటే ఆయన ఒక్కరే ఏటే అనేవారు. నాకది ఎంత బాగుండేదో చెప్పలేను. ఆ జూన్లో నేనే మైదా ఉడకబెట్టి తీసుకెళ్లాను. పదో తరగతి బి సెక్షనుకి క్లాసు టీచర్ని నేను, లెక్కలు ఆయనవి. నలభై రెండు మంది పిల్లలు. ఎప్పుడెప్పుడు రావు అని ఆయన అడుగుతుంటే, పేర్లు నేను రాశాను.

అప్పటికి కాలం మారింది. ఏ బడికి ఎంత శాతం అన్న చర్చ తప్ప మీటింగుల్లో వేరే మాట లేదు. మా కొత్త హెడ్మాస్టరు గారు, ఇందాక ఫోన్ చేశారన్నానే, ఆయనే, జూన్ మీటింగులో బల్ల గుద్ది, "ఈసారి వంద. ఒక్కటి కూడా తగ్గకూడదు" అన్నారు. సిలబసు డిసెంబరుకల్లా పూర్తి కావాలి, జనవరి నుంచి బిట్ పేపర్లూ, ప్రీఫైనల్సూ. మేస్టారు లేచి, "సెప్పడం డిసెంబరుకి అయిపోతాదండీ. రావడం సంగతి ఏటి?" అన్నారు. హెడ్మాస్టరు గారు తరవాతి అంశం ఎత్తుకున్నారు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. సెప్టెంబరులో హెడ్మాస్టరు గారు తరగతులు చూడటానికి వచ్చారు. గోడ మీద కాగితం చూసి ఇదేమిటి మేడమ్ అన్నారు. నేను పొంగిపోయాను. "ఏ పిల్ల ఎప్పుడు రాదో మేస్టారు జూన్లోనే రాసి పెట్టుకుంటారు సార్. చూడండి, ఈమె నాట్లకి, వీడు చెరుక్కి" అని వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాను. మా గురువు గొప్పతనం చూపిస్తున్నాననుకున్నాను. ఆయన శ్రద్ధగా చూశారు. చాలా బాగుందన్నారు.

నవంబరులో పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపేటప్పుడు నన్ను గదికి పిలిచారు. హాజరు తక్కువైన పిల్లలు బడి తరఫున రాయకూడదు, ప్రైవేటుగా రాసుకోవాలి. ప్రైవేటుగా రాసినవాళ్లు తప్పినా బడి శాతంలోకి రారు. హెడ్మాస్టరు ఒక్క ముక్క సిఫార్సు రాస్తే ఆ కాస్త తక్కువా మన్నిస్తారు. అన్ని బళ్లూ రాస్తాయి, అన్ని ఏళ్లూ మా బడీ రాసింది. ఆ ఏడు రాయనన్నారు. "పని తేలికే మేడమ్. మీ మేస్టారి కాగితంలో ఉన్నాయిగా పేర్లు. చూసి రాసుకురండి" అన్నారు.

చూసి రాసుకెళ్లాను. తొమ్మిది పేర్లు.

సంగతి తెలిసి మేస్టారు వచ్చేసరికి ఆ జాబితా బల్ల మీద ఉంది. ఆయన దాని మీద అరచెయ్యి పెట్టారు. "ఆళ్లు రారని జూన్లోనే నాకు తెలుసండీ. తెలిసే ప్లాను ఏసేను. రానోళ్ల కోసమే ఆ కాగితం రాసేను. ఆ కాగితమే పట్టుకుని ఆళ్లని తీసేస్తారా?"

"మీ చేతిరాతే కదా మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరు. "ఆగస్టు రెండు వారాలు రాదు అని మీరే రాశారు."

"నాను ఒప్పుకోను. నా పిల్లలు నలభై రెండు మంది. ముప్పై ముగ్గురు కాదు. ఇది కాదండీ, కాదంటే కాదు."

"మీరు ఒప్పుకోనక్కర్లేదు. క్లాసు టీచరు సంతకం చాలు" అని పెన్ను నావైపు పెట్టారు.

మేస్టారు నావైపు చూశారు. నా పేరు కూడా ఒకప్పుడు అలాంటి కాగితం మీదే, ఆగస్టు రెండు వారాలు అని పక్కన రాసి ఉంది. ఆ గదిలో అది తెలిసినవాళ్లం ఇద్దరం. నాకు ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు. అది సాకు. అసలు నిజం ఏమిటంటే, పెద్దాయన పెన్ను ఇచ్చారు, నేను తీసుకున్నాను. కాదనడం నాకు చేతకాలేదు. సంతకం పెట్టాను. మేస్టారు బయటికి వెళ్లిపోయారు.

మర్నాడు స్టాఫ్ రూములో ఆయన నా దగ్గరికొచ్చి, "మేడమ్ గారూ, చాక్‌పీసులు ఉన్నాయా అండీ?" అన్నారు.

అంతే. ఆ రోజు నుంచి నన్ను మీరు అనే అన్నారు. ఒక్కసారి కూడా కోప్పడలేదు. హెడ్మాస్టరు మీద, ఆఫీసు మీద, పిల్లలమీద అరుస్తూనే ఉన్నారు. నామీద మాత్రం లేదు. కోప్పడటం మానేసిన్నాడు ఏడు అన్న మాట నాకు గుర్తుంది. ఏడ్చాను. ఆయనకి కనపడేటట్టే ఏడ్చాను. లాభం లేకపోయింది.

ఆ తొమ్మిది మందిలో నూకరత్నం అని ఒకమ్మాయి. వాళ్లమ్మ నాట్ల కూలి. బురద కాళ్లతో బడి వరండా కిందే నిలబడి నన్ను పిలిచింది. "ఏటమ్మా, మా గుంట ఏటి తప్పు సేసిందని పేరు తీసీసేరు? నాట్లకి ఎల్తాదని మేస్టారికి ముందే సెప్పేము కదా. ఆయనే రాసుకున్నారు కదా" అంది. ప్రైవేటుగా రాయొచ్చని చెప్పాను. "పైవేటంటే ఏటమ్మా?" అంది. దరఖాస్తు, ఫోటోలు, గడువు అన్నీ వివరించాను. గడువు ఇంకో నాలుగు రోజులే ఉంది. మేము పిల్లలకి చెప్పిందే ఆలస్యంగా. నాలుగు రోజుల్లో ఆమె కూలి మానుకుని ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతుంది? తొమ్మిది మందిలో నలుగురు దరఖాస్తు పెట్టగలిగారు. ఇద్దరు పాసయ్యారు. నూకరత్నం పరీక్షే రాయలేదు.

బడికి మాత్రం వంద వచ్చింది. సభ పెట్టారు. లెక్కల మేస్టారికి శాలువా అన్నారు. ఆయన స్టేజీ ఎక్కారు, శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి మైకు దగ్గరికెళ్లారు. "నలభై రెండులోంచి తొమ్మిది తీసీసి, మిగిలినదాన్ని నూరు అన్నారు. నాకు ఈ లెక్క రాదండీ" అని చెప్పి దిగిపోయారు. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది. సభలో కొందరు నవ్వారు, మేస్టారి ధోరణే అంత అనుకుని. నేను తలొంచుకుని కూర్చున్నాను.

మరుసటేడు ఆయన రిటైరయ్యారు. నాకు వేరే బడికి బదిలీ అయింది. ఒకసారి బలిఘట్టం వెళ్లాను. మేస్టారి భార్య, మేము అమ్మగారూ అని పిలిచేవాళ్లం, మజ్జిగ ఇచ్చారు. "రండి, కూర్చోండి మేడమ్ గారూ" అన్నారు మేస్టారు. ఇంక ఆగలేకపోయాను. "నన్ను ఒక్కసారి తిట్టండి మేస్టారూ" అన్నాను. "మిమ్మల్ని నేనెందుకు తిడతానండీ" అని ఆయన పేపరు తీసుకున్నారు. ఆయనమీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఉంది. ఒక్క తిట్టు తిడితే ఆయన సొమ్మేం పోయేది?

మొన్న ఆదివారం సభ జరిగింది. దండ వేసిన ఫోటోలో కూడా ఆయన చెవి మీద పెన్సిలు ఉంది. హెడ్మాస్టరు గారు మొదట మాట్లాడారు. క్రమశిక్షణ అన్నారు, ప్రణాళిక అన్నారు, నూటికి నూరు అన్నారు. ఆ మాట మూడుసార్లు అన్నారు. తరవాత నన్ను పిలిచారు. లేచేటప్పుడు అంతా చెప్పేయాలనే లేచాను. మైకు దగ్గరికి వెళ్లాక ఎదురుగా మొదటి వరసలో ఆయన, పక్కన మా ఇప్పటి అధికారులు ఇద్దరు. మేస్టారు నాకు శ్రేఢులు ఎంత బాగా చెప్పారో చెప్పి, నమస్కారం పెట్టి దిగిపోయాను.

వెనక వరసలో ఒకామె లేచి వచ్చింది. వేళ్ల చివర్లు జీడి రసానికి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. నూకరత్నం. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తోందట. "బాగున్నారా మేడమ్?" అంది. నేను ఏదో అన్నాను. దండ వేసిన ఫోటో వైపు చూసి, "నూరు కాదని మీరు పైకెక్కి సెప్తారనుకున్నాను మేడమ్" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. అలా అన్నందుకే నాకు నామీద అసహ్యం వేసింది.

సభ అయ్యాక మేస్టారి ఇంటికి వెళితే, అమ్మగారు నన్ను లోపలికి పిలిచారు. బీరువా పైన ఏడాదికొకటి చొప్పున చుట్టలు, వేపాకులు వేసి దాచిన కాగితాలు. "నీయి రెండేళ్లున్నాయమ్మా, పట్టుకెల్లు" అన్నారు. ఒకటి నేను పదో తరగతి చదివిన ఏడు. రెండోది నేను సంతకం పెట్టిన ఏడు.

ఇంటికొచ్చి రెండోది నేల మీద పరిచాను. నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాను. తొమ్మిది పేర్లూ కొట్టేయకుండా అలాగే ఉన్నాయి. నూకరత్నం వరసలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. పరీక్షలు అయిపోయాక, ఏప్రిల్లో, మే నెలలో కూడా తేదీలున్నాయి. ఆదివారాలు ఇంటి వరండాలో ఆ పిల్లలకి పాఠం చెప్పేవారని విన్నాను కానీ, చివరి పాఠం దాకా చెప్పారని తెలియదు. ఆ అమ్మాయికి లెక్కలన్నీ వచ్చాయి. పదో తరగతి పాసైన కాగితం ఒక్కటే రాలేదు, నావల్ల.

అన్ని పేర్ల కిందా, అడుగున, పెన్సిలుతో ఇంకో పేరు ఉంది. నా పేరు. మేడమ్ అని లేదు, గారు అని లేదు. పదో తరగతి హాజరు పట్టీలో ఉండేటట్టు ఇంటిపేరు అక్షరంతో. కుడివైపు చివర స్కేలు పెట్టి గీసిన కొత్త గడులు. పైన పాఠం పేరు: కాదని చెప్పడం. కింద చెప్పిన రోజు, సిరాతో, ఆ నవంబరులో మేము ముగ్గురం హెడ్మాస్టరు గదిలో ఉన్న రోజు. నా పేరుకెదురుగా వచ్చిన రోజు గడి ఖాళీ.

మేస్టారు నన్ను వదిలేయలేదు. ఇన్నాళ్లూ ఎదురుచూశారు. అప్పుడు ఏడుపు వచ్చింది.

సోమవారం బడికెళ్లేసరికి నా బల్ల మీద జాబితా ఉంది. ఈ బడి వేరు, ఈ హెడ్మాస్టరు వేరు. నవంబరు మాత్రం అదే. ఏడు పేర్లు, హాజరు తక్కువ, క్లాసు టీచరు సంతకం అని కింద గీత. తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టి, "కాదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన మండిపడ్డారు. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇచ్చాను. నా సంతకం లేక ఆ జాబితా ఆగిపోయి, ఏడుగురి పేర్లూ సిఫార్సుతో బడి తరఫునే వెళ్లాయి. నాకు మెమో వస్తుందంటున్నారు. రానివ్వండి, నా తరగతిలో కూడా సైన్ పట్టిక రాసుకోవడానికి కాగితం కావాలి.

మేస్టారి కాగితం ఇప్పుడు మా తరగతి గోడ మీద ఉంది. మైదా ఉడకబెట్టి నేనే అతికించాను. నా పేరుకెదురుగా ఉన్న గడిలో తేదీ వేద్దామని సోమవారం సాయంత్రం పెన్సిలు తీశాను. మళ్లీ పెట్టేశాను. ఒక్కసారి చేస్తే వచ్చినట్టు కాదు. నాకు తెలియకుండా ఎప్పుడో మళ్లీ లేపుతారు. అప్పటిదాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది.